ఈసీఎం పోయిందన్నారా? పాత బాక్సు కొనే ముందు ఒక బల్బు కొను

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చీమకుర్తి దగ్గర గ్రానైట్ తోలే బీఎస్ 4 టిప్పర్, ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్ (ప్రెషర్ ఎక్కిన డీజిల్ రైల్ అనే ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ వెళ్లే రకం), 24 వోల్టుల బండి. బాడీకి పగుళ్లొస్తే క్వారీ దగ్గరే వెల్డింగ్ పెట్టించావు. వారం తిరిగేసరికి నడుస్తున్న ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ స్టార్ట్ కావడం మొదలైంది. ఇప్పుడు సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ స్టార్ట్ కావట్లేదు. తాళం తిప్పితే మీటర్‌లో ఇంజన్ లైటు వెలగడం లేదు, స్కానర్ పెడితే ఇంజన్‌తో లింక్ కావట్లేదు. మెకానిక్ ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ బాక్సు, పోయిందన్నాడు. కొత్తది లక్ష దాటుతుందట, పాతది పాతిక వేలకు ఉందట. పాతది తెచ్చుకుని మనమే బిగించుకుంటే సరిపోతుందా అని అడుగుతున్నావు.

ఇప్పుడప్పుడే కొనకు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా బండ్ల వైరింగ్ పనే చేస్తున్నాను. ఈసీఎం పోయిందని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో నిజంగా బాక్సు పోయినవి తక్కువ. ఎక్కువ శాతం ఎర్త్, ఫ్యూజ్ హోల్డర్, కోసుకుపోయిన వైరు, నీళ్లు దిగిన కప్లర్ (వైర్లను బాక్సుకు కలిపే ప్లగ్గు). బాక్సు కనబడని వస్తువు కాబట్టి నింద దాని మీద వేయడం తేలిక.

నీ బండి చెబుతున్నది ఒకటే. సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి బ్యాటరీల్లో దమ్ముంది. చాలా బండ్లలో తాళం తిప్పగానే ఆ ఇంజన్ లైటు వెలిగించేది ఈసీఎమ్మే. అది వెలగడం లేదు, స్కానర్‌కూ పలకడం లేదు. అంటే బాక్సు నిద్రలేవడం లేదు. నిద్రలేవకపోవడానికి బాక్సు చచ్చిపోయైనా ఉండాలి, దానికి కరెంటు అందకైనా ఉండాలి. నడుస్తూ ఆగి, మళ్లీ దానంతటదే స్టార్ట్ అయిందన్నావు చూడు, ఆ మాట నాకు రెండోదాని మీద అనుమానం పెంచుతోంది. బాక్సు లోపల సోల్డర్ పగిలినా ఇలాగే చేస్తుంది, కాదనను. కానీ పదిరూపాయల ఫ్యూజ్ చూడకుండా లక్ష రూపాయల బాక్సు విప్పకూడదు.

ఈసీఎమ్‌కు కరెంటు ఎలా వస్తుందో ముందు తెలుసుకో. బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌ల మీదుగా, కొన్ని బండ్లలో మెయిన్ రిలే మీదుగా, రెండు మూడు లావుపాటి ప్లస్ వైర్లు వస్తాయి. తాళం నుంచి సన్నటి వైరు ఒకటి వస్తుంది, బాక్సుకు ‘లే’ అని చెప్పేది అదే. ఎర్త్ వైర్లు కూడా రెండు మూడు ఉంటాయి. వీటిలో ఏది సరిగ్గా లేకపోయినా బాక్సు చచ్చినట్టే కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడ మల్టీమీటర్ పెట్టి 24.6 అని చూసి, కరెంటు బాగానే వస్తోంది, బాక్సే పోయింది అని తేల్చేస్తారు. మీటర్ దాదాపు ఏమీ కరెంటు తాగదు. వైరులో ఒక్క పోగు మిగిలినా 24 వోల్టులు చూపిస్తుంది. అందుకే బల్బు. 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి హోల్డర్‌తో సహా కొని, రెండు వైర్లు కట్టుకో. తాళం ఆపి, బాక్సు కప్లర్ విప్పి, కప్లర్‌లోని ప్లస్ పిన్నుకు ఒక వైరు, ఎర్త్ పిన్నుకు రెండోది అందించు. ఏ పిన్ను ఏదో నీ బండి వైరింగ్ డయాగ్రామ్‌లో చూసుకో, గుడ్డిగా పెట్టకు. పిన్నులోకి లావుపాటి సూదులూ టెస్టర్లూ దూర్చకు, ఆడ పిన్ను వెడల్పయితే తర్వాత అదో కొత్త జబ్బు. సరిపోయే సైజు మగ పిన్ను వైరుకు కట్టుకుని పెట్టు.

బల్బు కళ్లు జిగేల్‌మనేలా తెల్లగా వెలిగితే ఆ జంట మంచిది. బెల్లం రంగులో మసకగా వెలిగితే దొంగ దొరికినట్టే. బల్బును నేరుగా బ్యాటరీ మీద పెట్టి ఆ వెలుగుతో పోల్చుకో. తర్వాత ఎర్త్ వైపు వైరును బాక్సు ఎర్త్ పిన్ను నుంచి తీసి బ్యాటరీ నెగటివ్‌కు పెట్టు. వెలుగు పెరిగిందా, ఎర్త్ చెడింది. పెరగలేదా, ప్లస్ వైపు ఎక్కడో తినేస్తోంది. ఇలా ప్రతి ప్లస్ పిన్నూ, ప్రతి ఎర్త్ పిన్నూ విడివిడిగా చూడాలి. ఒకటి బాగుంది కదా అని వదిలేయకు.

నీ బండిలో నేనైతే మొదట చాసిస్ మీద ఈసీఎం ఎర్త్ ఐలెట్, అంటే వైరు చివర బోల్టుకు బిగించే రింగు, విప్పుతాను. వెల్డింగ్ చేసేవాడు ఎర్త్ క్లిప్పు ఎక్కడ పెట్టాడో నువ్వు రాయలేదు. క్యాబిన్ దగ్గర చాసిస్‌కు తగిలించి బాడీ వెనక వెల్డింగ్ పెట్టి ఉంటే, ఆ కరెంటు వందల ఆంపియర్లు, తిరిగి వెళ్లడానికి తనకు నచ్చిన దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో ఈసీఎం ఎర్త్ వైరు కూడా ఉండొచ్చు. ఐలెట్ విప్పితే పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది, కింద మాత్రం ఆకుపచ్చ చిలుము, లేదా నల్లగా కాలిన గుర్తు, లేదా వైరు ఐలెట్ మెడ దగ్గర ఇన్సులేషన్ కింద తెగి పొడి పొడిగా ఉండటం చూస్తావు. వైరును కాస్త లాగి చూడు. రబ్బరులా సాగితే లోపల రాగి లేనట్టే.

ఆ తర్వాత ఫ్యూజ్ హోల్డర్. బయటికి తీసి చూస్తే ఫ్యూజ్ బాగానే ఉంటుంది, కానీ హోల్డర్ లోపలి రేకులు వేడికి వదులై ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. గతుకులో పడినప్పుడు ఇంజన్ ఆగుతోందంటే ఇది గట్టి అనుమానం. తాళం వైరు కూడా చూడాలి, మామూలుగా కాదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు. కొన్ని అరిగిపోయిన ఇగ్నిషన్ స్విచ్‌లు తాళం ఆన్‌లో కరెంటిస్తాయి, స్టార్ట్ వైపు తిప్పగానే ఈ వైరుకు ఆపేస్తాయి. నీ విషయంలో లైటే వెలగడం లేదు కాబట్టి ఆన్‌లోనే రాకపోవచ్చు.

కప్లర్లు పెట్టేశాక ఇంకొక పరీక్ష ఉంది. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది కప్లర్ వెనక నుంచి బాక్సు ఎర్త్ పిన్నుకు ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమను. 0.2 వోల్టులు దాటిందంటే ఎర్త్ పనికిరాదు. అదే సమయంలో బ్యాటరీ 18 వోల్టుల కిందికి దిగుతుంటే ముందు బ్యాటరీల సంగతి చూసుకో. తక్కువ వోల్టేజీలో బాక్సు మధ్యలో పడిపోయి లేస్తుంటుంది.

కరెంటు, ఎర్త్ అన్నీ భేష్ అనుకుందాం. అయినా బాక్సు పలకలేదు. ఇంకా కొనకు. సెన్సార్లకు ఈసీఎం 5 వోల్టులు పంపిస్తుంది. ఆక్సిలరేటర్ పెడల్, రైల్ ప్రెషర్, బూస్ట్ సెన్సార్లన్నీ ఆ 5 వోల్టుల మీద బతుకుతాయి. వాటిలో ఒక్క సెన్సార్ లోపల షార్ట్ అయినా, దాని వైరు ఏదో బ్రాకెట్‌కు రాసుకుని ఎర్త్ అయినా, ఆ లైను మొత్తం కూలిపోతుంది. కొన్ని బాక్సులు అలాంటప్పుడు స్కానర్‌కు కూడా పలకవు. పెడల్ కప్లర్ దగ్గర మీటర్ పెట్టి తాళం ఆన్ చేయి. 5 వోల్టులు లేకపోతే మీటర్ కదపకుండా, ఇంకొకడిని ఇంజన్ మీద సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటే విప్పమను. ఏది విప్పగానే 5 లేచి కూర్చుంటుందో అదే దొంగ. అన్నీ విప్పినా లేవకపోతే దొంగతనం వైరులో ఉంది, లేదా బాక్సులో ఉంది.

దీనికి నేను వాడే దగ్గరిదారి ఒకటి చెబుతాను. చాలా లారీ ఈసీఎమ్‌లకు ఒక కప్లర్ ఇంజన్ వైపు వైరింగ్‌కు, ఒకటి బండి వైపు వైరింగ్‌కు ఉంటుంది. కరెంటు బండి వైపు నుంచి గానీ, విడిగా చిన్న పవర్ కప్లర్ నుంచి గానీ వచ్చే రకమైతే, తాళం ఆపి ఇంజన్ వైపు కప్లర్ మొత్తం పీకేసి, మళ్లీ తాళం ఆన్ చేసి స్కానర్ పెట్టు. ఇప్పుడు లింక్ అయితే బాక్సు బతికే ఉంది. ఫాల్ట్ కోడ్లు కుప్పలు తెప్పలుగా వస్తాయి, సెన్సార్లన్నీ లేవు కదా, పట్టించుకోకు. రోగం ఇంజన్ వైరింగ్‌లో ఉందని తేలిపోయింది. రెండు రోజుల వెతుకులాట పది నిమిషాల్లో తేలిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

స్కానర్ లింక్ సంగతి. స్కానర్ మాట్లాడేది క్యాన్ లైను మీద, రెండు వైర్లు మెలిపెట్టి ఉంటాయి. గుండ్రటి తొమ్మిది పిన్నుల సాకెట్ అయితే సీ, డీ పిన్నులు, కారు తరహా పదహారు పిన్నుల సాకెట్ అయితే 6, 14. బ్యాటరీ తీసేసి ఆ రెంటి మధ్య ఓమ్స్ చూడు. లైను రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 చూపించాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గరికి వస్తే రెండూ కలిసిపోయాయి. ఇంకొకటి, అదే స్కానర్‌తో ఏబీఎస్ (బ్రేకుల బాక్సు) పలుకుతుందేమో చూడు. అది పలికి ఇంజన్ మాత్రమే పలకకపోతే స్కానర్‌ను తిట్టక్కర్లేదు.

స్కానర్ ఎప్పుడైనా లింకై కోడ్లు ఇస్తే వాటిని ఫోటో తీసి పెట్టుకో. లారీల్లో ఎస్‌పీఎన్ (ఏ భాగమో చెప్పే నంబరు) 629, ఎఫ్‌ఎంఐ (ఎలాంటి లోపమో చెప్పే నంబరు) 12 అని వస్తే బాక్సు తన మీద తానే ఫిర్యాదు చేసుకుంటోందని అర్థం. కార్లలో పీ0606 అలాంటిదే. అప్పుడు కూడా పక్కన ఎస్‌పీఎన్ 168, అంటే బ్యాటరీ వోల్టేజీ కోడ్ ఉందేమో చూడు. ఉంటే ముందు దాని సంగతి తేల్చు.

సరే, ప్లస్‌లు, ఎర్త్‌లు, తాళం వైరు బల్బు పరీక్షలో పాసయ్యాయి. క్యాన్ వైర్లు సాకెట్ నుంచి బాక్సు పిన్ను దాకా తెగకుండా ఉన్నాయి. ఇంజన్ కప్లర్ పీకినా పలకడం లేదు. ఇప్పుడు ఒప్పుకుంటాను, బాక్సు పోయింది.

అయినా వెంటనే ఇంకో బాక్సు బిగించకు. ఎందుకు పోయిందో తెలియాలి. ఈ పాఠానికి నేను ఫీజు కట్టాను. చాలా ఏళ్ల కిందట భీమవరం నుంచి రొయ్యలు తోలే బండి ఒకటి వచ్చింది. మూడు సిలిండర్లు చచ్చిపోయాయి, బాక్సులో ఇంజెక్టర్ డ్రైవర్, అంటే ఇంజెక్టర్లకు కరెంటు కొట్టే భాగం, కాలిపోయింది. వాసనే చెప్పింది. ఓనర్ తొందర పెడుతున్నాడు, లోడు పాడైపోతుందని. పాత బాక్సు తెచ్చి, డేటా ఎక్కించి, బిగించి పంపాను. ఏలూరు దాటకముందే ఫోన్ వచ్చింది. రెండో బాక్సు కూడా అదే చోట కాలింది. రాకర్ కవర్ (ఇంజన్ నెత్తి మీది మూత) విప్పి చూస్తే, లోపల ఇంజెక్టర్ వైరు ఒకటి నూనెలో మెత్తబడి అంచుకు రాసుకుని హెడ్‌కు తగులుతోంది. వేడెక్కినప్పుడే తగిలేది. రెండో బాక్సు డబ్బులు నా జేబులోంచి పోయాయి.

అందుకే ఇప్పుడు బాక్సు మార్చే ముందు ఇంజెక్టర్లు ఆరూ కొలుస్తాను. సోలినాయిడ్ (తీగచుట్టతో తెరుచుకునే) రకమైతే ఒక్కోటి ఒక ఓమ్ కంటే తక్కువే ఉంటుంది, అన్నీ దాదాపు సమానంగా ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఏ ఇంజెక్టర్ వైరు నుంచీ ఇంజన్ బాడీకి కనెక్షన్ ఉండకూడదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వైరింగ్‌ను చేత్తో కదుపుతూ ఒకసారి చూడు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఇంజెక్టర్ వైర్ల జోలికి పోకు. 24 వోల్టుల బండే అయినా ఇంజెక్టర్‌ను తెరవడానికి బాక్సు లోపల వోల్టేజీని పెంచి కొడుతుంది, యాభై అరవై పైమాటే. పీజో (కరెంటుకు సాగే స్ఫటికంతో తెరుచుకునే) రకంలో వంద కూడా దాటుతుంది. షాక్ కొడుతుంది.

నీ బండికి వెల్డింగ్ కారణమైతే వైరింగ్‌లో ఇంకా కాలిన చోట్లు ఉండొచ్చు. డైనమో కూడా చూపించు. 24 వోల్టుల బండిలో రెగ్యులేటర్ పోయి 30 దాటి కొడుతుంటే కొత్త బాక్సుకు కూడా అదే గతి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకడం మన దగ్గర కొందరికి అలవాటు, డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికట. పాత మెకానికల్ పంపు బండికి చెల్లింది. సెన్సార్ బండిలో ఆ ఒక్క క్షణం లేచే వోల్టేజీ వంద దాటగలదు.

ఇక పాతదా కొత్తదా అన్న ప్రశ్న. నా మొదటి సలహా రెండూ కాదు, నీ బాక్సునే రిపేరుకు చూపించు. పవర్ సప్లై భాగమో, డ్రైవరో, కెపాసిటరో పోతే బాగుచేసేవాళ్లు ఉన్నారు. కొన్ని బాక్సులు లోపల సిరామిక్ బోర్డు మీద వెంట్రుక కంటే సన్నటి తీగలతో, పైన జిగురు పోసి ఉంటాయి, వాటిని ముట్టుకోలేరు. అది తెరిచి చూసినవాడు చెప్పాలి. రిపేరు అయితే లాభం ఏంటంటే, నీ బండి డేటా అంతా అందులోనే ఉంటుంది. అది తెలిస్తే ఈసీఎం మార్చడమంటే ఏంటో సగం అర్థమైనట్టే.

పై డబ్బా చాలా బండ్లకు ఒకటే కావొచ్చు. లోపల ఉన్న ప్రోగ్రాం, సెట్టింగులు ఒక్కో బండికి వేరు. ఒకే ఇంజన్‌ను ఒక కంపెనీ 180 హార్స్‌పవర్‌కు ఒక లారీలో, 230కి ఇంకో లారీలో పెడుతుంది. తేడా చాలావరకు ఆ ప్రోగ్రాంలోనే. టర్బో, ఇంజెక్టర్లు వేరైన ఇంజన్ ప్రోగ్రాం నీ దానిలో నడిపితే పొగ, వేడి, చివరికి పిస్టన్ మీదికి తెచ్చుకోవడం. అందుకే పాత బాక్సు కొంటే స్టిక్కర్ మీద నంబర్లు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. బాష్ డీజిల్ బాక్సుల హార్డ్‌వేర్ నంబరు 0 281తో మొదలవుతుంది, పది అంకెలు. దానితో పాటు బండి కంపెనీ పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు. కమిన్స్ ఇంజన్ అయితే ఇంజన్ ప్లేటు మీద సీపీఎల్ నంబరు (ఇంజన్‌లో ఏ రకం భాగాలున్నాయో చెప్పేది), ఇంజన్ సీరియల్ నంబరు రాసుకో. ప్రోగ్రాం ఎక్కించేవాడు మొదట అడిగేవి అవే.

‘తెచ్చి తగిలిస్తే చాలు, స్టార్ట్ అవుతుంది’ అని పాత బాక్సు అమ్మేవాడు చెబుతాడు. ఇమ్మొబిలైజర్ (సొంత తాళాన్ని గుర్తుపడితేనే స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) ఉన్న బండిలో అసలు స్టార్ట్ కానే కాదు, పాత బాక్సుకు నీ తాళం తెలియదు. ఇమ్మొబిలైజర్ లేని లారీలో స్టార్ట్ అవుతుంది, నిజమే. స్టార్ట్ కావడం వేరు, సరిగ్గా నడవడం వేరు. అమ్మేవాడి దగ్గర బిల్లు తీసుకో, దొంగ బండి సామాను అయితే నీ మెడకు చుట్టుకుంటుంది. ‘యూరియా (పొగ శుద్ధికి పోసేది) ఆపేసిన ఫైలు కూడా వేసిస్తాం’ అంటే అక్కడి నుంచి లేచిరా. అది చట్టవిరుద్ధం. పైగా ఆ ఫైలులో ఇంకేం మార్చారో నీకు తెలియదు.

డేటా మార్చడానికి రెండు దారులు. నీ బండిలోని అసలు బాక్సు స్కానర్‌కు పలుకుతుంటే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో సెట్టింగులన్నీ చదివి, దాచి, కొత్తదానిలో ఎక్కిస్తారు. అందుకే సగం చచ్చిన బాక్సు పూర్తిగా చావకముందే చదివించుకోవాలి. నీది పలకడం లేదు కాబట్టి బాక్సును బల్ల మీద పెట్టి, నేరుగా కరెంటిచ్చి, అవసరమైతే తెరిచి, లోపలి మెమరీ చదివి రెండోదానిలోకి దించాలి. క్లోనింగ్ అంటారు. ప్రాసెసర్ బతికి ఉంటే చాలావాటిలో సాధ్యమే. అది కూడా కుదరకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్లో ఖాళీ బాక్సు తీసుకుని, చాసిస్ నంబరుతో ప్రోగ్రాం వేయించుకోవడమే. డబ్బెక్కువ, టెన్షన్ తక్కువ.

ఇంజెక్టర్ కోడ్ల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, అందరూ మరిచేది ఇదే కాబట్టి. ఫ్యాక్టరీలో ప్రతి ఇంజెక్టర్‌నూ కొలిచి, అది ఎంత ఎక్కువ తక్కువ పోస్తుందో ఒక కోడ్ రూపంలో దాని నెత్తి మీదే కొడతారు. బాష్‌వి పొట్టిగా, డెల్ఫీవి పదహారు ఇరవై అక్షరాలు, డెన్సోవి ఇంకా పొడుగ్గా ఉంటాయి. కోడ్లు అడిగే ఇంజన్ అయితే ఏ సిలిండర్‌లో ఏ కోడ్ ఉందో ఈసీఎమ్‌కు చెప్పాలి. చెప్పకపోతే, లేదా ఇంకో బండి కోడ్లతో ఉన్న పాత బాక్సు తగిలిస్తే, ఐడిలింగ్‌లో ఇంజన్ ఊగుతుంది, టకటకమంటుంది, తెల్లటి పొగో నల్లటి పొగో వస్తుంది, డీజిల్ తాగుతుంది. అప్పుడు ఇంజెక్టర్లు పోయాయని వాటి మీద ఇంకో డబ్బు పెట్టిస్తారు.

కోడ్ కనిపించాలంటే పాత టూత్ బ్రష్‌ను డీజిల్‌లో ముంచి ఇంజెక్టర్ నెత్తి రుద్దు. ఊదకు, మసి కంట్లో పడుతుంది. టార్చి పక్క నుంచి అడ్డంగా కొడితే చెక్కిన అక్షరాల నీడ పడి కనిపిస్తాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదువు, 8 ఏదో బీ ఏదో అప్పుడే తెలుస్తుంది. కాగితం మీద సిలిండర్ నంబరు వేసి రాసుకో. లారీల్లో సాధారణంగా రేడియేటర్ వైపుది ఒకటో నంబరు, కొన్ని కార్ల ఇంజన్లలో ఫ్లైవీల్ వైపు నుంచి లెక్కిస్తారు. రాకర్ కవర్ విప్పితే గాని కనిపించని ఇంజన్లుంటాయి. విప్పాల్సిందే. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి ఆ వైరింగ్ కూడా చూసుకో, నా రొయ్యల బండి గుర్తుంచుకో.

నీది టిప్పర్ కాబట్టి ఇంకో రెండు. పీటీఓ (బాడీ లేపే పంపును ఇంజన్‌తో తిప్పే గేరు) వేసినప్పుడు ఇంజన్ ఎంత ఆర్‌పీఎమ్‌కు ఎక్కాలో ఈసీఎమ్‌లో సెట్ చేసి ఉంటుంది. మామూలు లారీ ఫైలు ఎక్కితే బాడీ లేవడం నత్తనడక నడుస్తుంది, జాకీ పోయిందనుకుంటావు. రెండోది స్పీడ్ లిమిట్. టిప్పర్లకు గంటకు 60 కిలోమీటర్లు, అది బాక్సులో పెట్టి ఉన్న బండి అయితే మార్చాక మళ్లీ చూపించుకో, ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు అక్కడ తెలుసుకోవడం కంటే మేలు.

విప్పడం తేలికే, నాలుగు జాగ్రత్తలు. తాళం ఆపిన వెంటనే బ్యాటరీ పీకకు. తాళం ఆపాక కూడా బాక్సు కొంతసేపు మేలుకుని లెక్కలు రాసుకుంటుంది, యూరియా బండి అయితే పైపుల్లో యూరియాను ట్యాంకులోకి వెనక్కి లాక్కుంటుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, తర్వాత బ్యాటరీ కటౌట్ స్విచ్ ఆపు, తర్వాత నెగటివ్ కేబుల్ తీయి. కప్లర్ చుట్టూ గాలితో దుమ్ము కొట్టు, నీళ్ల ప్రెషర్ వద్దు. కప్లర్‌కు లివరో అలెన్ బోల్టో ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పెకిలించకు. విప్పాక పిన్నులు టార్చి వేసి చూడు, వంగినది, వెనక్కి జారినది, పచ్చబడినది ఉంటే అదే నీ అసలు రోగం కావొచ్చు. బాక్సు పిన్నులను వేలితో తాకకు. చాసిస్‌ను ఒకసారి ముట్టుకుని ఆ తర్వాతే బాక్సు చేతిలోకి తీసుకో.

కొన్ని ఇంజన్లలో బాక్సు వెనక చల్లబరచడానికి డీజిల్ పారే ప్లేటు ఉంటుంది. ఆ పైపులు విప్పితే గాలి దిగుతుంది, బిగించాక చేతి పంపుతో గాలి తీయాలి. ఆ పేరుతో హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టకు. పాత బండి అలవాటు ఇక్కడ పనికిరాదు. రైల్‌లో వెయ్యి బార్ పైన ఉండే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, వేలు తీసేయాల్సి వస్తుంది. బాక్సు కింద రబ్బరు బుష్‌లు ఉంటే కొత్తవి వేయి. అవి గట్టిపడితే ఇంజన్ అదురు నేరుగా బోర్డుకు తగులుతుంది. కప్లర్‌లో మామూలు గ్రీజు నింపకు. వైరింగ్ కప్లర్‌లోకి వచ్చే ముందు కిందికి వంపు తిరిగి పైకి రావాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

బిగించాక తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగు. స్కానర్ పెట్టి చాసిస్ నంబరు, ప్రోగ్రాం నంబరు సరిగ్గా ఉన్నాయో చూడు. ఇంజెక్టర్ కోడ్లు ఎక్కించు. తాళం ఆపి ఒక నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేసి, ఎక్కించినవి నిలిచాయో లేదో చూడు, నిలవకపోతే మెమరీ పాడైన బాక్సు అంటగట్టినట్టే. ఆక్సిలరేటర్ పెడల్ స్థానాన్ని బాక్సుకు నేర్పించాల్సిన బండి అయితే దాని పద్ధతి చెయ్యి. పాత ఫాల్ట్ కోడ్లు తుడిచి అప్పుడు సెల్ఫ్ కొట్టు. స్టార్ట్ అయ్యాక రైల్ ప్రెషర్ బాక్సు అడిగింది ఎంత, నిజంగా వచ్చింది ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఖాళీగా పది కిలోమీటర్లు, లోడుతో ఒక ట్రిప్పు తిప్పి మళ్లీ కోడ్లు చూడు. మన బండి బీఎస్ 4 కాబట్టి సరిపోయింది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్ 6 వాళ్లు ఫిల్టర్‌లో ఎంత మసి, బూడిద పేరుకుందో ఆ లెక్క కూడా పాతదాని నుంచి మార్చుకోవాలి. లేకపోతే కొత్త బాక్సు ఫిల్టర్ ఖాళీ అనుకుంటుంది.

ఇకమీదట వెల్డింగ్ పెట్టిస్తే బ్యాటరీ కేబుళ్లు రెండూ తీయి, ఈసీఎం కప్లర్లు తీయి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చేసే ముక్కకే, జానెడు దూరంలో పెట్టించు. వెల్డర్ ‘ఏం కాదులే సార్’ అంటాడు. బాక్సు డబ్బులు వాడివి కాదు.

రేపు పొద్దున ముందు ఎర్త్ ఐలెట్ విప్పి, తర్వాత బల్బు పెట్టు. బల్బు ఏ పిన్ను దగ్గర ఎలా వెలిగిందో, ఇంజన్ కప్లర్ పీకితే స్కానర్ లింక్ అయిందో లేదో రాయి. కప్లర్ పిన్నుల ఫోటో, బాక్సు స్టిక్కర్ ఫోటో కూడా పెట్టు. ఆ పాత బాక్సు అమ్మేవాడికి అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.